ఊపిరాడక జరిగిన మరణం: కారణం ఎవరు చెబుతారు, విధం ఎలా తేలుతుంది?

ఇంట్లో గానీ, చెరువులో గానీ, పనిచేసే చోట గానీ ఒక మనిషి ఊపిరాడక చనిపోతే రెండు ప్రశ్నలు లేస్తాయి. ప్రాణం దేనివల్ల పోయింది అన్నది మొదటిది. అది ఎలా జరిగింది అన్నది రెండోది: ప్రమాదమా, తనంత తాను చేసుకున్నదా, ఇంకొకరు చేసిందా, లేక జబ్బా? మొదటిదాన్ని మరణ కారణం అంటారు, రెండోదాన్ని మరణ విధం అంటారు.

"పోస్టుమార్టం రిపోర్టు వస్తే అంతా తేలిపోతుంది" అని మనవాళ్ళలో చాలామంది అనుకుంటారు. ఊపిరాడని మరణాల్లో పోస్టుమార్టం చెప్పేది సగమే. మిగతా సగం చనిపోయిన చోటు చెప్పాలి, ఇంటివాళ్ళ మాట చెప్పాలి, మొదటి రోజు రాసిన కాగితాలు చెప్పాలి. ఆ సగం చాలావరకు మన చేతిలో ఉంటుంది. ఆవడి, తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతాల్లో తరతరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబాలు ఈ సంగతి ముందుగా తెలుసుకుని ఉండటం మంచిది. అటువంటి రోజు వచ్చినప్పుడు చదువుకునే వ్యవధి ఎవరికీ ఉండదు.

కారణం వేరు, విధం వేరు

ఊపిరాడకపోవడాన్ని వైద్యులు అస్ఫిక్సియా అంటారు. గ్రీకులో ఆ మాటకు అసలు అర్థం నాడి ఆగడం. ఫ్రెంచి వైద్యుడు బిషా 1800 ప్రాంతంలో ప్రాణం పోయే దారులు మూడు అని విడదీశాడు: మెదడు పని ఆగడం, గుండె ఆగడం, ఊపిరి ఆగడం. అంటే అస్ఫిక్సియా అనేది ప్రాణం పోయిన దారి మాత్రమే. ఆ దారి పట్టించింది ఏమిటో అది చెప్పదు.

అందుకే మరణ కారణం ధ్రువపత్రంలో "ఊపిరి ఆగి మరణం" అని ఒక్క ముక్క రాసి ఊరుకోకూడదని వైద్యులకు నేర్పుతారు. ఉరి వల్ల ఊపిరాడక, నీట మునిగి ఊపిరాడక, గొంతులో ఆహారం అడ్డుపడి ఊపిరాడక, ఇలా దాని వెనక ఉన్న కారణాన్ని రాయాలి. మీ చేతికి వచ్చిన కాగితంలో ఆ రెండో ముక్క ఉందో లేదో చూసుకోండి. లేకపోతే, లాబ్ రిపోర్టు కోసం ఆగారా అని డాక్టరును మర్యాదగా అడగండి.

విధం మాట వేరు. మన దేశంలో డాక్టరు కారణం చెబుతారు. గాయాలు బతికి ఉండగా తగిలినవా, చనిపోయాక ఏర్పడినవా అని చెబుతారు. ఫలానా పద్ధతికి ఇవి సరిపోతాయి, ఫలానాదానికి సరిపోవు అనీ చెబుతారు. ఆత్మహత్యా, హత్యా, ప్రమాదమా అని తేల్చే పని దర్యాప్తు అధికారిది, చివరికి కోర్టుది.

శవపరీక్షలో ఏం చూస్తారు?

కళ్ళ తెల్లగుడ్డు మీద, కనురెప్పల లోపల సూదిమొనంత ఎర్రటి రక్తపు చుక్కలు, నీలం తిరిగిన పెదవులు, గోళ్ళు, ఉబ్బిన ముఖం, గడ్డకట్టని రక్తం: ఇవి ఊపిరాడని మరణానికి గుర్తులని పాత పుస్తకాల్లో ఉంటుంది. ఆ చుక్కలకు పారిస్ వైద్యుడు టార్డ్యూ పేరు పెట్టారు. కానీ ఇవే గుర్తులు గుండెజబ్బుతో పోయినవాళ్ళలోనూ కనబడవచ్చు. ఉరి కేసుల్లో కొన్నిసార్లు అసలు కనబడవు. కాబట్టి వీటినొక్కటే చూసి ఏ డాక్టరూ తీర్పు చెప్పకూడదు. హైదరాబాదు ప్రొఫెసర్ కె.ఎస్. నారాయణ రెడ్డి ఫోరెన్సిక్ మెడిసిన్ పాఠ్యపుస్తకం దేశమంతటా వైద్య విద్యార్థుల చేతుల్లో ఉంటుంది. మనవాడు రాసిన పుస్తకం నుంచే ఎందరో డాక్టర్లు ఈ పాఠాలు నేర్చుకున్నారు.

మెడ మీద గుర్తు ఉంటే దాని దిశ చూస్తారు. ఉరిలో గుర్తు సాధారణంగా మెడ పైభాగాన, ఏటవాలుగా, ఒకచోట తెగి ఉంటుంది. ఇంకొకరు బిగించినప్పుడు కొంచెం కిందగా, అడ్డంగా, చుట్టూ పూర్తిగా ఉంటుంది. చేతులతో నొక్కితే గోళ్ళ గీతలు, వేళ్ళ కమిలిన మచ్చలు ఉంటాయి. లోపల నాలుక మొదట్లో ఉండే హయాయిడ్ ఎముక, గొంతు మృదులాస్థి విరిగాయా, కండరాల్లో నెత్తురు చిమ్మిందా అని చూస్తారు. ఎముక విరగనంత మాత్రాన ఏమీ జరగలేదని కాదు. వయసులో ఉన్నవాళ్ళలో అది వంగుతుంది, పెద్దవాళ్ళలో తొందరగా విరుగుతుంది. మెడను కోసే ముందు తల, ఛాతీ తెరిచి రక్తం దిగిపోనిస్తారు. లేకపోతే కోతలో కారిన రక్తమే దెబ్బలా కనబడి మోసం చేస్తుంది.

మోసం చేసేవి ఇంకా ఉన్నాయి. చనిపోయాక చీమలు కరిచిన చోట్లు గీతల్లా కనిపిస్తాయి. పసిపిల్లల మెడ మడతలు తాడు గుర్తులా తోస్తాయి. గుండె మీద నొక్కి బతికించే ప్రయత్నం చేసి ఉంటే పక్కటెముకలు విరిగి ఉండవచ్చు. అలా నొక్కిన సంగతి డాక్టరుకు చెప్పకపోతే ఆ విరిగిన ఎముక మీదే అనుమానం పుడుతుంది.

ప్రాణం పోయాక రక్తం శరీరంలో కిందివైపుకు దిగి చర్మం మీద ఊదారంగు మరకలు కడుతుంది. కొన్ని గంటల తర్వాత ఆ మరకలు కదలవు. వెల్లకిలా పడి ఉన్నాడని చెప్పిన మనిషికి మరకలు పొట్టవైపు ఉంటే, శవాన్ని ఎవరో తిప్పారని అర్థం.

నీట మునిగిన కేసుల్లో ముక్కు, నోటి దగ్గర తెల్లటి సన్నని నురగ, ఉబ్బిన ఊపిరితిత్తులు, బిగిసిన గుప్పిట్లో నాచు, ఇసుక చూస్తారు. ఎముక మూలుగలో డయాటమ్ అనే కంటికి కనబడని నాచుజాతి ఉందేమో పరీక్షిస్తారు. అదే జాతి ఆ చెరువు నీటిలోనూ ఉండాలి. కాబట్టి పరుత్తిపట్టు చెరువైనా, పూండి జలాశయమైనా, పొలంలో బావి అయినా, ఆ చోటి నీటి నమూనా కూడా పోలీసులు తీయాలి. ఇది చాలామందికి తెలియదు. అడిగితే తప్పు లేదు.

దిండు లాంటి మెత్తటి వస్తువుతో ముక్కూ నోరూ మూస్తే పైకి ఏ గుర్తూ ఉండకపోవచ్చు. పెదవుల లోపలి పక్క పళ్ళ ఒత్తిడికి కమిలిందేమో చూడాలి. మంచాన ఉన్న ముసలివాళ్ళు, పసిపిల్లల విషయంలో తప్పు జరగడానికి ఎక్కువ అవకాశం ఇక్కడే ఉంది. భోజనం చేస్తూ హఠాత్తుగా కూలిన మనిషిని గుండెపోటు అనేస్తారు. తీరా చూస్తే గొంతులో ముద్ద అడ్డుపడి ఉంటుంది. అమెరికాలో ఒక వైద్యుడు 1963లో దీనికి హోటల్ గుండెపోటు అనే అర్థం వచ్చే పేరే పెట్టాడు.

కడుపు, కాలేయం, మూత్రపిండం ముక్కల్ని, రక్తాన్ని సీసాల్లో భద్రపరిచి లాబ్‌కు పంపుతారు. చెన్నైలోని రాష్ట్ర ఫోరెన్సిక్ శాఖకు మూలం 1849లో మద్రాసులో పెట్టిన కెమికల్ ఎగ్జామినర్ లాబొరేటరీ. ఆ ఫలితం వచ్చేదాకా డాక్టరు తుది అభిప్రాయం ఆపి ఉంచవచ్చు. అది దాపరికం కాదు, పద్ధతి.

గాలే ప్రాణం తీసినప్పుడు

ఊపిరాడని మరణాల్లో మన సమాజానికి మరీ దగ్గరగా తగిలేవి ఇవి. మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. అది 10 శాతం కన్నా తగ్గితే మనిషి స్పృహ తప్పుతాడు. మూసి ఉన్న సెప్టిక్ ట్యాంకులో, పాడుబావిలో, మురుగు మ్యాన్‌హోల్‌లో ఆక్సిజన్ తగ్గి, హైడ్రోజన్ సల్ఫైడ్ చేరి ఉంటుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన దానిదే. అయితే గాలిలో పది లక్షల భాగాలకు వంద దాటేసరికి ముక్కు ఆ వాసనను గుర్తుపట్టడం మానేస్తుంది. వాసన పోయింది కదా అని దిగినవాడు కూలిపోతాడు. అతన్ని తీయబోయి దిగిన రెండోవాడూ కూలిపోతాడు.

మన తిరువళ్ళూరు జిల్లాలోనే, మీంజూరులో, 2023 మే నెల మొదట్లో ఒక ప్రైవేటు స్కూలు సెప్టిక్ ట్యాంకు శుభ్రం చేస్తూ ఇద్దరు పనివాళ్ళు చనిపోయారు. 2018 జులై 12న అనంతపురం జిల్లా తాడిపత్రిలో ఒక ఉక్కు కర్మాగారంలో కార్బన్ మోనాక్సైడ్ లీకై ఆరుగురు పోయారు. కార్బన్ మోనాక్సైడ్ అయితే శవం మీది మరకలు చెర్రీపండు ఎరుపులో ఉంటాయి, రక్తపరీక్షలోనూ దొరుకుతుంది. తలుపులు మూసిన గదిలో జనరేటరు, బొగ్గుల కుంపటి పెట్టుకున్నా ఇదే ప్రమాదం. ఆక్సిజన్ తగ్గి పోయిన మనిషి శరీరంలో మాత్రం ప్రత్యేకమైన గుర్తేమీ మిగలదు. అప్పుడు సాక్ష్యం చెప్పాల్సింది ఆ ట్యాంకులోని గాలి. మూత తీసి, కడిగి, రెండు రోజులు పోయాక కొలిస్తే అక్కడ ఏమీ దొరకదు. వెంటనే గాలి కొలిపించమని అడగాలి.

చెన్నైలో, చుట్టుపక్కల పారిశుద్ధ్య పనిలో తరతరాలుగా ఉన్నవాళ్ళలో తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో. ఈ పనికి మనుషుల్ని దించకూడదని జీవితమంతా పోరాడుతున్న బెజవాడ విల్సన్ కూడా కర్ణాటకలోని కోలారు బంగారు గనుల తెలుగు కుటుంబంలో పుట్టినవారే. 2016లో ఆయనకు మెగసెసె పురస్కారం వచ్చింది. ఆయన స్థాపకుల్లో ఒకరైన సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014లో ఇటువంటి మరణానికి 10 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలంది. 2023 అక్టోబరు 20న ఇంకో కేసులో మురుగు కాలువ మరణాలకు దాన్ని 30 లక్షలు చేసింది. ఈ డబ్బు ఆ కుటుంబం చేతికి రావాలంటే, మనిషి ఏ పని చేస్తూ ఏ చోట ఏ గాలికి పోయాడో కాగితం మీద ఉండాలి. "గుండె ఆగి మరణం" అని రాసి ఊరుకుంటే ఆ కుటుంబం కాళ్ళరిగేలా తిరగాల్సిందే.

విధం తేల్చే దారి

2024 జులై 1 నుంచి పాత సి.ఆర్.పి.సి. స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమల్లో ఉంది. అనుమానాస్పద మరణం మీద పోలీసు విచారణ ఇదివరకు 174 సెక్షను కింద జరిగేది, ఇప్పుడు 194 కింద జరుగుతుంది. పోలీసు అధికారి ఆ చోటికి వచ్చి, ఇరుగుపొరుగులో ఇద్దరు గానీ అంతకన్నా ఎక్కువ గానీ గౌరవస్థుల ఎదుట శవాన్ని చూసి, గాయాలు, గుర్తులు, మరణానికి తోచిన కారణం రాయాలి. దీన్నే ఇన్‌క్వెస్ట్ అంటాం. ఆ నివేదికతో ఏకీభవించిన వాళ్ళే సంతకం పెట్టాలని చట్టం మాట. ఏకీభవించకపోతే పెట్టనక్కరలేదు.

పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా శవపరీక్ష తప్పనిసరి. ఇన్‌క్వెస్ట్ ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు చేస్తారు. మన దగ్గర ఆర్.డి.ఓ. విచారణ అనేది అదే.

దీనికి మన పక్కనే జరిగిన ఉదాహరణ ఉంది. టీవీ నటి వి.జె. చిత్ర 2020 డిసెంబరు 9న పూందమల్లి దగ్గర నజరత్‌పేట హోటల్లో చనిపోయారు. కీల్పాక్ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో శవపరీక్ష జరిగింది. ఉరి వల్ల ఊపిరాడక మరణం అన్న మాట ఒకటి రెండు రోజుల్లోనే బయటికి వచ్చింది. పెళ్ళి రిజిస్టరై కొద్ది నెలలే కావడంతో ఆర్.డి.ఓ. విచారణ జరిగింది. ఆత్మహత్యకు ప్రేరేపించారన్న కేసులో భర్త అరెస్టయ్యారు. 2024 ఆగస్టులో తిరువళ్ళూరు మహిళా కోర్టు ఆయన్ను నిర్దోషిగా విడుదల చేసింది. కారణం తెలియడానికి రోజులు పట్టింది. దాని చుట్టూ లేచిన ప్రశ్నల మీద కోర్టు మాట రావడానికి నాలుగేళ్ళు దగ్గరపడ్డాయి. మధ్యలో జనం నోటికొచ్చినట్టు తీర్పులు చెప్పారు. ఏ ఇంట్లో ఇటువంటిది జరిగినా వీధిలో తీర్పులు చెప్పకుండా ఉండటం మనం చేయగల మొదటి సాయం.

సాక్షులు లేని చోట పరిస్థితుల సాక్ష్యం గొలుసులా ఉండాలని, ఒక్క లంకె కూడా తెగకూడదని సుప్రీంకోర్టు శరద్ బిర్దీచంద్ సార్దా కేసులో 1984లో చెప్పింది. అనుమానం ఎంత బలంగా ఉన్నా రుజువుకు సాటిరాదని కూడా అంది. అది పుణెలో ఒక కొత్త కోడలి మరణం కేసు. ఆత్మహత్యా, హత్యా అన్నదే అక్కడి ప్రశ్న. ఆ తీర్పును ఈనాటికీ కోర్టుల్లో ఉదహరిస్తారు.

ఇంటివాళ్ళు ఏం చేయాలి?

మొదట ప్రాణం. ఊపిరి ఉందేమోనన్న అనుమానం ఉన్నా వెంటనే 108కి ఫోన్ చేయాలి, మనిషిని దించాలి, బయటికి తీయాలి, గుండె మీద నొక్కాలి. సాక్ష్యం సంగతి ఆ తర్వాతే. ట్యాంకులో, బావిలో పడినవాళ్ళ కోసం మాత్రం మీరు దిగవద్దు. అగ్నిమాపక దళాన్ని పిలవండి.

మెడకు ఉన్న బట్టను కోయాల్సి వస్తే ముడి దగ్గర కోయకుండా దూరంగా కోయండి. ముడి విప్పవద్దు. ఆ బట్టను పారేయవద్దు.

ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాక శవానికి స్నానం చేయించవద్దు, బట్టలు మార్చవద్దు, గది కడగవద్దు. ఉత్తరాలు, ఫోను, మందుల చీటీలు, సీసాలు ఉన్నచోటే ఉంచండి. మీరు ఏం కదిపారో, ఎందుకు కదిపారో దాచకుండా చెప్పండి. కదపడం నేరం కాదు. కదిపి దాచినప్పుడే అనుమానం వస్తుంది.

పరువు పోతుందని రాత్రికి రాత్రి దహనం చేసేయడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. పాతిపెట్టిన శవాన్ని మేజిస్ట్రేటు ఉత్తర్వుతో వెలికి తీసి పరీక్షించవచ్చు. దహనం అయ్యాక ఆ దారి మూసుకుపోతుంది. నిజంగా ఏ తప్పూ జరగని ఇంట్లో కూడా ఆ అనుమానం జీవితాంతం ఉండిపోతుంది.

ఇక భాష. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు తమిళం మాట్లాడతారు గానీ చాలామందికి చదవడం రాదు. ఇన్‌క్వెస్ట్ కాగితం తమిళంలో ఉంటుంది. "అయ్యా, ఒకసారి చదివి వినిపించండి" అని అడగండి. చదవగల పిల్లల్నో, తెలిసినవాళ్ళనో పక్కన పెట్టుకోండి. చనిపోయిన సమయం, చివరిసారి చూసినవాళ్ళ పేరు, పాత జబ్బులు, మూర్ఛ, తాగుడు, వాడే మందులు, ఆ రోజు తిన్న తిండి, ఇవన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి. ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా కాగితాల మధ్య పనిచేసిన మనిషిగా చెబుతున్నాను: మొదటి రోజు కాగితంలో తప్పు రాస్తే, దాన్ని దిద్దించడానికి తర్వాత పది కాగితాలు కావాలి.

ఫిర్యాదు ఇచ్చినవారికి ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. దాని నంబరు, తేదీ, స్టేషను పేరు రాసి పెట్టుకోండి. ఆవడికి 2022 జనవరి నుంచి సొంత పోలీసు కమిషనరేటు ఉంది కాబట్టి మీ ఇల్లు ఏ స్టేషను కిందికి వస్తుందో ముందే తెలుసుకోండి. పోస్టుమార్టం నివేదిక నకలు కోసం రాతపూర్వకంగా అర్జీ పెట్టి, అందినట్టు ముద్ర వేయించుకోండి. మరణ నమోదు 21 రోజుల్లోగా జరగాలి.

ఈ కాగితాల మీద డబ్బు కూడా ఆధారపడి ఉంటుంది. ఏడాదికి 20 రూపాయలు కట్టే ప్రధానమంత్రి సురక్షా బీమాలో ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి, ఆత్మహత్యకు రావు. చెరువులో జారి పడ్డ మనిషికీ, దూకిన మనిషికీ శవపరీక్షలో కారణం ఒక్కటే: నీట మునగడం. తేడా అంతా విధంలో ఉంది. ఆ విధాన్ని చెప్పేది గట్టు మీది జారుడు గుర్తు, ఒడ్డున విడిచిన చెప్పులు, ఆ ఉదయం ఆయన ఎవరితో ఏం మాట్లాడాడన్న నిజం. డబ్బు కోసం ఒకలా, పరువు కోసం ఇంకొకలా మాట మారిస్తే రెండూ దక్కవు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మంచిది.

మనసు భారంగా ఉన్నవాళ్ళు ఇది చదువుతుంటే ఒక మాట. టెలి మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. తమిళనాడు ఆరోగ్య సహాయ నంబరు 104. చెన్నైలో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో స్థాపించిన స్నేహ సంస్థ కూడా ఇందుకోసమే పనిచేస్తోంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగానే భావించాలి. వారికి చికిత్స, ఆదరణ ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత. కేసు అవుతుందన్న భయంతో ఆస్పత్రికి తీసుకెళ్ళకుండా ఉండవద్దు.

ఈ వ్యాసాన్ని ఇంట్లో తమిళం చదవగల ఒకరి చేత కూడా చదివించి ఉంచండి. అవసరం పడితే సంఘం తరఫున కాగితాలు చదివి చెప్పడానికి, స్టేషనుకు తోడు రావడానికి మేమున్నాం.